ఆగాల్సిన చోటు

రేడియోలో బామ్మర్ది గొంతు వినిపించేసరికి మేస్త్రి చేతిలో ఆకురాయి ఆగిపోయింది.

బల్ల మీద ఎవరిదో గిటారు వెల్లకిలా పడి ఉంది. తీగలన్నీ విప్పేసి, దాని మెడ మీద అడ్డంగా దిగేసిన లోహపు మెట్లను ఒక్కొక్కటిగా రుద్ది చదును చేస్తున్నాడు. వాయించేవాడి వేలు తీగను నొక్కినప్పుడల్లా ఆ తీగ మెట్టు మీద ఆని, కొన్నేళ్ళకు అక్కడ చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలు పోయేదాకా రుద్దాలి. ఒకటి ఎక్కువ రుద్దితే దాని పక్కవన్నీ మళ్ళీ దాని ఎత్తుకు దించాలి.

లోపలి గదిలోంచి ఆయన భార్య తడి చేతులతోనే పరుగున వచ్చింది. "మన చిన్నోడండీ" అంది, ఆ గొంతు ఆయనకు తెలియనట్టు. చెంగుతో చెయ్యి తుడుచుకుని రేడియో గొంతు పెంచి, దాని ముందే నిలబడిపోయింది.

చిన్నోడికి చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఊళ్ళు తిరుగుతున్నాడు, గోడల మీద బొమ్మలు పడుతున్నాయి. అక్కకి మాత్రం చిన్నోడే. రేడియోలో మాట్లాడించే అమ్మాయి, మీ గురువు ఎవరని అడిగింది. చిన్నోడు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"పాత బ్యాండే నా గురువు. ఇంకెవరున్నారు? వాళ్ళ రికార్డులు విని విని నేర్చుకున్నాను."

గిటారు పట్టినవాడెవడైనా పాత బ్యాండు అంటే చాలు, ఏ బ్యాండని ఎదుటివాడు అడగడు. నలుగురు మనుషులు. వాయించడం మానేసి చాలా కాలమైంది. అయినా తర్వాత వచ్చినవాళ్ళలో వాళ్ళ దగ్గర ఏదో ఒకటి ఎత్తుకోనివాడు లేడు. ఒకడు ఆ డ్రమ్ముల పరుగు తీసుకున్నాడు, ఒకడు ఏడుపుకి ఒక అడుగు ముందు విరిగే ఆ గొంతు తీసుకున్నాడు. మాకూ వాళ్ళకూ సంబంధం లేదని ఎగిరే కుర్రాళ్ళ గిటార్లు కూడా మేస్త్రి బల్ల మీదికి వచ్చేవి. మెట్లు చూస్తే తెలిసిపోయేది, ఇంట్లో తలుపేసుకుని ఎవరి పాటలు వాయించుకుంటున్నారో.

కనుక చిన్నోడు ఆ పేరు చెప్పడం తప్పు కాదు. మేస్త్రికి గుచ్చుకున్నది పేరు కాదు, ఆ "ఇంకెవరున్నారు" అన్న మాట.

ఏ రికార్డు విన్నాడు వీడు? వాళ్ళింట్లో రికార్డు తిప్పే పెట్టె ఎక్కడిది? బడి ఎగ్గొట్టి, ఈ కొట్టులోనే, ఇదిగో ఈ జిగురు వాసనలోనే, ఆ మూల పీట మీద కూర్చుని మోకాళ్ళు దగ్గరకు లాక్కుని చూసేవాడు. పాత బ్యాండు పాట వాడి చెవిన మొదట పడింది మేస్త్రి వేళ్ళ మీదనుంచి.

"ఎంత అణకువో చూశారా. అంత పేరొచ్చినా గురువుని మర్చిపోలేదు" అంది భార్య.

"అవును, బాగానే చెప్పాడు" అన్నాడు మేస్త్రి, మళ్ళీ ఆకురాయి అందుకుని. కాసేపటికి వంగి చూసుకుంటే ఆ మెట్టు అరగాల్సిన దానికన్నా ఎక్కువ అరిగి ఉంది. ఆ పూటంతా మిగతావన్నీ దించుతూ కూర్చున్నాడు.

మర్నాడు చిన్నోడే వచ్చాడు, వీపున గిటారు పెట్టె వేసుకుని.

పాత బ్యాండులో ఆర్గన్ వాయించే ఆయన ఈమధ్యనే పోయాడు. ఆయన జ్ఞాపకార్థం శనివారం పెద్ద హాల్లో కచేరీ. నలుగురిలో మిగిలింది గిటారు వాయించే ముసలాయన ఒక్కడే. ఆయన వేదిక మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తర్వాతి తరం వాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో పాట వాయించాలి. అన్నీ విని, ఊరూరా తిరిగి ఇవ్వబోయే తన ఆఖరి కచేరీల్లో పక్కన నిలబడి వాయించడానికి వాళ్ళలో ఒకణ్ణి ఎంచుకుంటాడట. చిన్నోడికి అన్నిటికన్నా పెద్ద పాటే దక్కింది, కొండ ఎక్కినట్టు స్వరం పైకి పైకి పోయే పాట.

"మెట్లన్నీ అరిగిపోయాయి బావా. వేరేవాళ్ళకి ఇవ్వబుద్ధి కాలేదు. నీ చెయ్యి పడితేనే నాకు ధైర్యం."

"మీ గురువుగారికి ఇవ్వకపోయావా? కూర్చుని రుద్దిపెట్టేవాడుగా."

చిన్నోడు పకపకా నవ్వాడు. "రేడియో విన్నావా? అక్క పెట్టిందా?" అన్నాడు. ఆ నవ్వులో కల్మషం లేదు. అదే మేస్త్రిని ఇంకా మండించింది. కావాలని దాచినవాడితోనైతే పోట్లాడవచ్చు, గుర్తే లేనివాడితో ఏం పోట్లాడతాం?

వాడు అక్కని పలకరించి, పెట్టింది తిని, ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. వీధి మలుపు దాకా ఇద్దరు కాలేజీ పిల్లలు వాడి వెనకాలే నడిచారు. మేస్త్రి గుమ్మంలో నిలబడి చూశాడు. నలభై ఏళ్ళ వయసులో ఒకసారి తనూ ఇలాగే ఆ వీధిలో గిటారు పెట్టె మోసుకెళ్ళాడు. వెనకాల కుక్క కూడా రాలేదు.

పెట్టె తెరిచి గిటారు బల్ల మీద పెట్టాడు. తీగలు బిగించే బిరడాలు వదులు చేశాడు. తీగలు తీసి చుట్టలు చుట్టాడు. మెడ మీద చెమటా మురికీ గట్టకట్టి ఉంటే గుడ్డ తడిపి తుడిచాడు. దీపం దగ్గరకు లాక్కుని, ఒక కన్ను మూసి, మెడ పొడుగునా చూపు పోనిచ్చాడు.

ఆ పెద్ద పాట సాధన చేసిన గిటారు మేస్త్రి కంటికి ఒక్కలాగే కనిపిస్తుంది. కింద మెట్ల మీద చూపుడు వేలి గుంటలు, మధ్యలో ఉంగరపు వేలివి, పైన చివరాఖరికి చిటికెన వేలు ఎగబాకి నొక్కే చోట ఒక లోతు గుంట. ఆ పైస్వరం అందడం కోసమే కుర్రాళ్ళు చిటికెన వేలు వాచేదాకా వాయిస్తారు.

చిన్నోడి గిటారు మీద ఆ పై మెట్టు నున్నగా ఉంది, కొత్తదానిలాగా.

మేస్త్రి గోటితో గీసి చూశాడు. దాని కిందవన్నీ గుంటలు పడి ఉన్నాయి, దాన్ని మాత్రం వేలు తాకనైనా తాకలేదు. ఎందుకో అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన తన ఎడమ చెయ్యి ఎత్తి దీపం కింద పెట్టుకున్నాడు. పెళ్ళికాని రోజుల్లో, స్పీకర్లు దించుతుంటే వ్యాను తలుపు పడి చితికిన చిటికెన వేలు. అది అప్పటినుంచీ సగమే వంగుతుంది. ఆ పైస్వరం దానికి అందేది కాదు. అందుకని అక్కడికి వచ్చేసరికి చెయ్యి ఎత్తేసి, అరచేత్తో తీగల్ని 'టక్'మని అదిమి, ఒక్క గుటక మింగినంతసేపు ఆగి, కిందికి దిగేవాడు. రికార్డులో అదే స్వరాన్ని ఆర్గన్ కూడా పట్టుకుంటుంది, రెండూ కలిసిపోయి వినిపిస్తాయి. పీట మీద కూర్చున్న పిల్లాడు ఆ ఖాళీని చూసి, అక్కడ గిటారు ఆగాలనే అనుకున్నాడన్నమాట. తర్వాత రికార్డు ఎన్నిసార్లు విన్నా, అక్కడ మోగేది ఆర్గన్ ఒక్కటేనని వాడి చెవి నమ్మింది. మేస్త్రి మాత్రం కుర్రతనంలో వేదిక కిందే నిలబడి, ముసలాయన చిటికెన వేలు ఆ మెట్టు ఎక్కడం కళ్ళారా చూశాడు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు నోట్లోనే ఉండిపోయి, తియ్యగా ఊరడం మొదలుపెట్టింది. శనివారం వాడు ముసలాయన ముందు ఆ పాట వాయిస్తాడు. ఆ చోటికి వచ్చి ఆగుతాడు.

గురువారం చిన్నోడు భోజనానికి వచ్చాడు. అక్క వడ్డిస్తూ వాడి బుగ్గలు పీక్కుపోయాయని బాధపడింది. వాడు ఊళ్ళ కబుర్లు చెప్పాడు. ఎక్కడికెళ్ళినా కుర్రాళ్ళు తన పద్ధతే దించుతున్నారట. ఆ పెద్ద పాటలో తను ఆగే చోట వాళ్ళూ ఆగుతారట, కొందరైతే నాలుకతో టక్కుమంటారట. మేస్త్రి ముద్ద కలుపుతూ తలెత్తకుండా విన్నాడు. ఆ ఆగుడు ఎవరిదో, ఆ టక్కు ఎవరిదో వీడికి గుర్తుందా అని ఒక్కసారి వాడి మొహంలోకి చూశాడు. వాడు పెరుగు కోసం చెయ్యి చాపుతున్నాడు.

"శనివారం ఆర్గన్ ఎవరు వాయిస్తారు?" అని అడిగాడు, మామూలుగా.

"ఎవరూ లేరు బావా. ఆయన స్టూలు ఖాళీగా ఉంచుతున్నారు. నేనొకటి అనుకున్నాను." చిన్నోడు తినడం ఆపి ముందుకు వంగాడు. "పైకెక్కే చోట ఆర్గన్ ఉండదు కదా. నేను ఆగినప్పుడు ఇంకేదీ మోగదు. డ్రమ్ముల వాడికి కూడా చెప్పాను, అక్కడ పూర్తిగా ఆపేయమని. ఆ నిశ్శబ్దమే ఆయనకి మన నమస్కారం. హాలంతా ఏడుస్తుంది చూడు."

అక్క అప్పుడే కళ్ళొత్తుకుంది. మేస్త్రికి గొంతులో ముద్ద అడ్డం పడి, నీళ్ళు తాగాల్సొచ్చింది. ఆ స్వరం చచ్చినాయనది కాదు. కుర్చీలో కూర్చుని వింటున్నాయనది. తన స్వరం రావాల్సిన చోట హాలంతా తలలు వంచుకుని మౌనం పాటిస్తుంటే, ఆ ముసలాయన "నేనింకా బతికే ఉన్నాను కదా" అంటాడు. ఆయన నోరు మంచిది కాదని లోకమంతా ఎరుగును.

"బాగుంది. మంచి ఆలోచన" అన్నాడు మేస్త్రి. మళ్ళీ వడ్డించమని కంచం ముందుకు జరిపాడు.

"ఇవ్వాళ మీకు ఆకలి బాగానే వేసిందే" అంది భార్య.

శుక్రవారం పొద్దున మేస్త్రి కూనిరాగం తీస్తూ పని చేశాడు. మెట్లు చదును చేసి, అంచులు గుండ్రం తిప్పి, మెరుగు కాగితంతో అద్దంలా తోమాడు. మెడ పైచివర తీగలు ఆనే ఎముక ముక్క మీది గాడులు సరిచూశాడు. పని మీద పగ తీర్చుకునే అలవాటు ఆయనకు లేదు. గిటారుకి లోపం ఉండకూడదు, లోపమంతా వాయించేవాడిలోనే కనబడాలి. కొత్త తీగలు బిగించి, చెవి ఆనించి శ్రుతి చేశాడు. గిటారు గొప్పగా పలికింది. పలికిన కొద్దీ ఒళ్ళు మండింది, ఇంతటి వాయిద్యం తన ఒళ్ళోకి రిపేరుకే తప్ప రాలేదని.

పరీక్షించాలి కనుక ఆ పెద్ద పాటే అందుకున్నాడు. వేళ్ళు మొద్దుబారినా దారి మర్చిపోలేదు. పాట ఎక్కుతూ ఎక్కుతూ ఆ చోటికి వచ్చింది. చెయ్యి దానంతటదే లేచింది. టక్. ఆగింది.

ఆ ఖాళీలో మేస్త్రికి శనివారం మొత్తం కళ్ళకు కట్టింది. ముసలాయన చెయ్యెత్తి ఆపుతాడు. ఏంటయ్యా ఇది, ఎవడు నేర్పాడు నీకు అంటాడు. అప్పుడు చిన్నోడికి గుర్తొస్తుంది. తడుముకోకుండా చెబుతాడు. "మా బావ నేర్పాడండీ."

ఇన్నేళ్ళకి వాడు తన మాట ఎత్తేది అక్కడ. అంతమంది ముందు, తప్పు దొరికిన రోజున.

మేస్త్రి గిటారు బల్ల మీద పెట్టేశాడు. తియ్యగా ఊరినదంతా నోట్లో చేదెక్కింది. చెప్పకపోతే తన పేరు ఇలా బయటికొస్తుంది. చెబితే వాడు ఆ చోటు దిద్దుకుంటాడు. దిద్దుకున్నాక వాడి వాయింపులో తనదంటూ ఇంకేముంటుంది? మిగతాదంతా పాత బ్యాండుదే. వాడిలో తనదై మిగిలింది ఆ తప్పు ఒక్కటే.

సాయంత్రం చిన్నోడు వచ్చేసరికి మేస్త్రి ఇంకా ఎటూ తేల్చుకోలేదు. వాడు గిటారు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు అలా పోనిచ్చి, కళ్ళు మూసుకున్నాడు. "వెన్నలా ఉంది బావా" అన్నాడు. పాట మొదలుపెట్టాడు. ఆ చోట ఆగాడు. ఆగుతూ మొహం కూడా బరువుగా పెట్టాడు, రేపటి కోసం.

"అది ఆర్గన్ కాదురా" అన్నాడు మేస్త్రి.

చిన్నోడు కళ్ళు తెరిచాడు. ఏది ఆర్గన్ కాదో చెబితే మొదట నమ్మలేదు. రికార్డు తనకు నిద్రలో కూడా వినిపిస్తుందనీ, అది ఆర్గనేననీ వాదించాడు. మేస్త్రి వాయించి చూపించాలి, కానీ ఆయన వేలు ఎక్కదు. లేచి వాడి వెనకాల నిలబడి, వాడి చిటికెన వేలు పట్టుకుని, వాడు ఎన్నడూ తాకని ఆ పై మెట్టు పక్కన పెట్టి నొక్కాడు. "ఇప్పుడు మీటు."

స్వరం లేచింది. కొట్టులో గోడకు తగిలించి ఉన్న గిటార్లు కూడా సన్నగా గుయ్యిమన్నాయి. అది పాట శిఖరమని చెవులున్న ఎవరికైనా తెలిసిపోతుంది. చిన్నోడు ఇంకోసారి మీటి విన్నాడు.

"మరి నువ్వెందుకు ఆగేవాడివి?"

మేస్త్రి తన చెయ్యి ముందుకు చాపి చూపించాడు. చిన్నోడు ఆ వంకర వేలిని చాలాసేపు చూశాడు, ఇన్నేళ్ళూ అది అక్కడ లేనట్టు.

"ఎన్ని ఊళ్ళలో వాయించాను బావా. ఎంతమందికి చెప్పాను, అక్కడ ఆగండి అని. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నువ్వు అడగలేదు" అన్నాడు మేస్త్రి. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

అక్క టీ తెచ్చేలోపే చిన్నోడు గిటారు పెట్టెలో పెట్టేసి గుమ్మం దిగిపోయాడు. ఏమన్నారని వాణ్ణి, అని ఆవిడ నిలదీసింది. ఏమీ అనలేదు, సాధన చేసుకోవాలట, అన్నాడు. ఆవిడ నమ్మలేదు. వాడి టీ కూడా ఆయన ముందే పెట్టి లోపలికి వెళ్ళింది.

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. చిన్నోడు పంపిన టికెట్లు ముందు వరసలోవే. వేదికకూ వరసకూ మధ్య ఖాళీ జాగాలో కుర్రకారంతా నిలబడి ఉన్నారు, సగం మంది వీపుల మీద గిటారు పెట్టెలతోనే. వేదిక మీద ఒక పక్కన ఆర్గన్, దాని ముందు ఖాళీ స్టూలు. ఇంకో పక్క ముసలాయన, బక్కగా, మెడకు గుడ్డ చుట్టుకుని, ఒళ్ళో గిటారు పెట్టుకుని. ఒక్కొక్కరూ వచ్చి వాయించారు. ప్రతివాడిలోనూ ఆయన ముక్క ఏదో ఒకటి ఉంది. ఆయన మాత్రం కళ్ళు మూసుకుని, పంటి నొప్పితో ఉన్నవాడిలా విన్నాడు. అందరికీ ఒకేలా తలూపాడు. మేస్త్రికి ఆయన మీద కూడా ఈర్ష్య పుట్టింది. ఇంతమంది కొడుకుల్లాంటివాళ్ళు వచ్చి తన పాట తనకే వినిపిస్తుంటే విసుక్కునే అదృష్టం ఎవరికుంటుంది?

చిన్నోడి వంతు వచ్చింది. వాడు ముందు వరస వైపు చూడలేదు. పాట ఎత్తుకున్నాడు. మెట్టు మెట్టుగా ఎక్కాడు. మేస్త్రి మోకాలి మీద ఆయన ఎడమ చెయ్యి ఆయనకు తెలియకుండానే ఎక్కుతోంది. ఆ చోటు వచ్చింది. చిన్నోడి చిటికెన వేలు తప్పకుండా, నిండుగా, పైస్వరం మీద పడింది.

సరిగ్గా అప్పుడే కింద నిలబడ్డ కుర్రాళ్ళ చేతులు గాల్లో ఆగాయి. వంద నాలుకలు ఒక్కసారే టక్కుమన్నాయి. చిన్నోడు వాయించిన స్వరం మీద ఆ టక్కు రాయిలా పడింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, మన గురువు తప్పు వాయించాడేంటని.

పాట అయిపోయింది. ముసలాయన కళ్ళు తెరిచి, మైకు దగ్గరకు లాక్కున్నాడు.

"ఆ చప్పుడేంటి కింద?"

"అక్కడ ఆగాలండీ" అని ముందున్న అమ్మాయి ఒకతె గట్టిగా చెప్పింది. పక్కనున్నవాళ్ళు అవునన్నారు.

"ఆగాలా? నా పాటలోనా?" హాలు నవ్వింది. ఆయన నవ్వలేదు. చిన్నోడి వైపు తిరిగి, అదేదో వాయించి చూపించమన్నాడు.

చిన్నోడు మొదటిసారి ముందు వరసలోకి చూశాడు. తర్వాత వాయించాడు, ఎప్పటిలాగే. ఎక్కి, చెయ్యెత్తి, టక్కుమని ఆగి, దిగాడు. ఈసారి కుర్రాళ్ళంతా వాడితో కలిసి ఆగారు. అంత పెద్ద హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకోవడం కూడా వినిపించింది.

"ఎవరిదీ పద్ధతి?" అన్నాడు ముసలాయన.

"మా బావదండీ" అన్నాడు చిన్నోడు. మైకు దగ్గరకు జరిగాడు. "నేను నేర్చుకుంది ఆయన దగ్గరే. రికార్డులు తర్వాత విన్నాను. మా బావకి చిటికెన వేలు వంగదు."

భార్య మేస్త్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏళ్ళ తరబడి ఆ మాట కోసం మేస్త్రి చెవులు కాచుకుని ఉన్నాయి. తీరా వచ్చినప్పుడు అది ఆయన చెవుల పక్కనుంచే వెళ్ళిపోయింది, ఎందుకంటే ఆయన చూపు ముసలాయన చేతుల మీద ఉంది. ముసలాయన తన ఎడమ చెయ్యి ఎత్తి, కణుపులు ఉబ్బిన వేళ్ళని మడవబోయి, మడవలేక, చూసుకుంటున్నాడు.

"నాకూ ఎక్కడం లేదయ్యా ఈమధ్య" అన్నాడు, మైకులోనే, ఎవరితోనూ కానట్టు. "ఆ చోటు వస్తుందంటే భయమేస్తోంది."

ఒళ్ళో గిటారు సర్దుకుని ఆయనే ఆ పాట మొదలుపెట్టాడు. నెమ్మదిగా, ఊపిరి తీసుకుంటూ, తను కట్టిన మెట్లు తనే ఎక్కాడు. పైకి వచ్చాడు. చెయ్యెత్తి అరచేత్తో తీగల్ని అదిమాడు. టక్. ఆగాడు. దిగాడు. హాలు లేచి నిలబడింది. చిన్నోడు మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. కుర్రాళ్ళు అరుస్తున్నారు.

భార్య చప్పట్లు కొడుతూనే మేస్త్రి చెవి దగ్గరకు వంగి, "మీదే కదండీ అది, అంత పెద్దాయన మీది వాయించాడు" అంది. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

అందరూ నిలబడ్డా మేస్త్రి ఒక్కడూ కూర్చునే ఉన్నాడు. వేదిక మీది ఆ చేతిని కళ్ళు చిట్లించి చూస్తున్నాడు.

"బాగానే వాయించాడు" అన్నాడు చివరికి. "ఆగాల్సినంతసేపు ఆగలేదు."